ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ): ఆత్మవిమర్శ నుండి ప్రజాసేవకు

కొందరు పాలకుల పేర్లు వారు జయించిన దేశాల వలన చరిత్రలో నిలిచాయి. మరికొందరి పేర్లు వారు తమంతట తాము వదులుకున్న వాటి వలన నిలిచాయి. ఉమవీ వంశంలో ఎనిమిదవ ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఈ రెండవ కోవకు చెందినవారు. ఆయన పాలించినది క్రీ.శ. 717 నుండి 720 వరకు, రెండేండ్ల అయిదు నెలలు మాత్రమే. అంత స్వల్పకాలం పాలించి ఇంతటి గౌరవాన్ని మిగుల్చుకున్న పాలకులు చాలా అరుదు.

సొంత మాటలు మొదలుకాగానే ఆయన ప్రభుత్వ దీపాన్ని ఆర్పి తన దీపం వెలిగించుకునేవారన్న కథను మన ఇండ్లలో పిల్లలు కూడా వినే ఉంటారు. ఆయన నిరాడంబరతను గూర్చి, న్యాయాన్ని గూర్చి ఎందరో వ్రాశారు. అయితే ఆ నిరాడంబరతకు, ఆ న్యాయానికి వెనుక యౌవనంలో ఆయన చేతిమీదుగా జరిగిన ఒక ఘోరమైన అన్యాయం ఉన్నది. దానిని మనం అంతగా చెప్పుకోము. చెప్పుకుంటే ఆయన ఔన్నత్యం తగ్గుతుందేమోనని సంకోచిస్తాము. నిజానికి దానిని విడిచిపెడితే ఆయన పాలన మనకు సగమే అర్థమవుతుంది.

రాజకుటుంబంలో పెంపకం

ఉమర్ తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఈజిప్టును ఇరవై సంవత్సరాలు గవర్నరుగా పాలించాడు. పెదతండ్రి అబ్దుల్ మలిక్ ఖలీఫా. తల్లి ఉమ్మె ఆసిమ్ మాత్రం మరో సంప్రదాయానికి వారసురాలు. ఆమె రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) గారి మనుమరాలు. ఒకవైపు ఉమవీల వైభవం, మరొకవైపు మదీనా సాధుజీవనం ఈ బాలునిలో కలిశాయి.

తండ్రి ఆయనను విద్యకోసం మదీనాలో ఉంచాడు. అక్కడ గురువైన సాలిహ్ బిన్ కైసాన్ ఒకనాడు బాలుడు నమాజుకు ఆలస్యంగా రావడం చూసి కారణమడిగారు. తల దువ్వించుకుంటూ ఉండిపోయానని జవాబు వచ్చింది. గురువు ఈ సంగతిని ఈజిప్టుకు వ్రాశారు. తండ్రి వెంటనే ఒక మనిషిని పంపి కుమారుని తల గొరిగించాడని ఉల్లేఖనం.

మరో గురువు ఉబైదుల్లాహ్ బిన్ అబ్దుల్లాహ్ అంధులు, గొప్ప విద్వాంసులు. ఆ రోజుల్లో ఉమవీ కుటుంబంలో హజ్రత్ అలీ (రజి)ని నిందించడం అలవాటుగా ఉండేది. పెద్దలను చూసి బాలుడైన ఉమర్ కూడా అదే పలికాడు. గురువు అతనితో మాట్లాడటం మానేశారు. కారణమడిగితే, బద్ర్ యోధుల పట్ల ప్రసన్నుడైన అల్లాహ్ తరువాత వారిపై ఆగ్రహించినట్లు నీకెప్పుడు తెలిసిందని ప్రశ్నించారు. బాలుడు సిగ్గుపడి, ఇకపై ఆ మాట అననని మాట ఇచ్చాడు. ఈ మాటను ఆయన ఎట్లు నిలుపుకున్నారో ముందు చూస్తాము.

అయినా యౌవనంలో ఆయన విలాసపురుషుడే. ఖలీఫా కుమార్తె ఫాతిమాను వివాహమాడారు. ఆయన వాడే అత్తరు ఎంత ఘాటైనదంటే, ఆయన బట్టలతోపాటు తమవి ఉతకమని కొందరు చాకలికి డబ్బులిచ్చేవారట. ఆయన ఠీవిగా నడిచే తీరుకు ‘ఉమరీ నడక’ అని పేరే వచ్చింది.

మదీనా గవర్నరు

క్రీ.శ. 706లో ఖలీఫా వలీద్ ఆయనను మదీనాకు గవర్నరుగా నియమించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై అయిదేండ్లకు అటూ ఇటూ. ఆయన సామానును ముప్పై ఒంటెలు మోసుకువచ్చాయని తబరీ వ్రాశారు. అయితే ఊరిలో అడుగుపెట్టగానే ఆయన చేసిన పని ఆ సామానుకు పొసగనిది. ఉర్వా బిన్ జుబైర్, ఖాసిమ్ బిన్ ముహమ్మద్, సాలిమ్ బిన్ అబ్దుల్లాహ్ మొదలైన పదిమంది ధర్మవేత్తలను పిలిపించి, మీ సలహా లేకుండా ఏ నిర్ణయమూ చేయనని, నా ఉద్యోగులు ఎవరిపైనైనా దౌర్జన్యం చేసినట్లు వింటే నాకు తెలియజేయవలసిన బాధ్యత మీపై ఉన్నదని చెప్పారు.

ఇది మంచి ఆరంభం. ప్రజలు సంతోషించారు. ఇరాక్‌లో హజ్జాజ్ బిన్ యూసుఫ్ దౌర్జన్యాన్ని భరించలేనివారు పారిపోయి మదీనాకు వచ్చి తలదాచుకోసాగారు. ఆ గవర్నరు మనస్సు మంచిదే, ఉద్దేశమూ మంచిదే. అయితే పైనుండి చెడ్డ ఆజ్ఞ వచ్చిన నాడు ఆ మంచి మనస్సు ఏమి చేస్తుందన్న పరీక్ష మాత్రం ఇంకా మిగిలి ఉన్నది.

ఖుబైబ్ ఉదంతం

క్రీ.శ. 712లో, అంటే హిజ్రీ 93లో, ఆ పరీక్ష వచ్చింది. ఖుబైబ్ అనే వ్యక్తి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) కుమారుడు, భక్తిపరుడు. ఆయన తండ్రి ఉమవీలకు ఎదురు నిలిచి మక్కాలో ప్రాణాలు అర్పించినవారు. ఖుబైబ్‌ను కొరడాతో కొట్టించమని వలీద్ డమాస్కస్ నుండి ఆజ్ఞ పంపాడు. పాలకవంశానికి రుచించని ఒక ఉల్లేఖనాన్ని ఆయన వినిపించడమే అందుకు కారణమని కొందరు చెబుతారు.

ఉమర్ ఆ ఆజ్ఞను అమలు జరిపారు. ఖుబైబ్‌ను కొరడాతో కొట్టించారు. చలికాలం, ఆయన తలపై చన్నీళ్ళు పోయించి మస్జిదు ద్వారం వద్ద నిలబెట్టారు. ఖుబైబ్ మరణించారు.

పదిమంది ధర్మవేత్తల సలహా లేకుండా ఏ పనీ చేయనన్న గవర్నరు ఈ ఒక్క పనిలో ఎవరి సలహా తీసుకున్నారో గ్రంథాలలో కనిపించదు. ఆజ్ఞ ఖలీఫాది. చేతులు సేవకులవి. కాబట్టి తప్పించుకోవడానికి దారులు లేకపోలేదు. ‘నేను కేవలం ఆజ్ఞ పాలించాను’ అని ఆయన అనవచ్చు. ‘చంపమని నేను చెప్పలేదు’ అని కూడా అనవచ్చు. ఆయన ఈ రెండు మాటలూ అనలేదు. మరణవార్త విని నేలకు ఒరిగిపోయారని, నష్టపరిహారం చెల్లించారని, ఆపైన తనను ఎవరైనా పొగిడి స్వర్గ శుభవార్త చెబితే, దారిలో ఖుబైబ్ నిలిచి ఉండగా అదెట్లా సాధ్యమని అనేవారని చరిత్రకారులు ఉల్లేఖించారు.

అదే సంవత్సరం ఆయన పదవి పోయింది. హజ్జాజ్ ఫిర్యాదు వలన ఖలీఫా తొలగించాడని కొందరు, ఖుబైబ్ మరణం తరువాత ఆయనే వైదొలిగారని కొందరు వ్రాశారు. ఏది ఏమైనా, ముప్పై ఒంటెలతో వచ్చిన యువకుడు ఒక మనిషి మరణాన్ని మోసుకుని మదీనా విడిచాడు.

తెరుచుకున్న వీలునామా

అయిదేండ్లు గడిచాయి. క్రీ.శ. 717లో ఖలీఫా సులైమాన్ ఉత్తర సిరియాలోని దాబిఖ్ శిబిరంలో మరణశయ్యపై ఉన్నాడు. పాలస్తీనాకు చెందిన ధర్మవేత్త రజా బిన్ హైవా సలహాపై ఆయన ఒక వీలునామా వ్రాయించి ముద్ర వేయించాడు. లోపల ఎవరి పేరున్నదో తెలియకుండానే కుటుంబసభ్యులంతా విధేయత ప్రకటించారు. తెరిచి చూస్తే ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పేరున్నది. ఆ పేరు విని హిషామ్ ఆగ్రహించాడు. ఉమర్ మాత్రం ఆపద వచ్చినప్పుడు పలికే ‘ఇన్నా లిల్లాహ్’ వచనం పలికారు.

తరువాత ఆయన ప్రజల ముందు నిలిచి, ఈ భారం నా అభిప్రాయం అడగకుండా, నేను కోరకుండా, ముస్లిముల సంప్రదింపు లేకుండా నాపై పడింది, మీ మెడలపై ఉన్న ప్రమాణం నుండి మిమ్మల్ని విముక్తుల్ని చేస్తున్నాను, మీకు నచ్చినవారిని ఎన్నుకోండి అన్నారు. ప్రజలు ఆయననే కోరారు. రాజాశ్వాలను తెచ్చి నిలబెడితే వాటిని కాదని తన కంచరగాడిదనే తెమ్మన్నారు.

ఆయన తన అంగరక్షకుల అధిపతి అమ్ర్ బిన్ ముహాజిర్‌కు ఒక వింతైన విధిని అప్పగించారు. నేను సత్యం నుండి తప్పినట్లు నీకు కనిపిస్తే నా అంగీ కాలరు పట్టుకుని గట్టిగా కుదిపి, ‘ఉమర్! ఏమి చేస్తున్నావు?’ అని అడుగు అన్నారు. పాలకులు అంగరక్షకులను ఇతరుల నుండి కాపాడుకోవడానికి పెట్టుకుంటారు. ఈయన తన నుండి తనను కాపాడటానికి కూడా ఒకరు కావాలనుకున్నారు. మదీనాలో ఆ చలిదినాన తన కాలరు పట్టుకునేవాడు లేకపోయాడన్నది ఆయన మరువలేదని ఈ ఏర్పాటును చూస్తే మనకు తోస్తుంది.

ముందు తన ఇల్లు

సంస్కరణను ఆయన తన ఇంటి నుండి ప్రారంభించారు. వంశం వారికి అన్యాయంగా దక్కిన భూముల పత్రాలను తెప్పించి, తనకు సంక్రమించిన వాటిని ముందుగా రద్దు చేశారు. మర్వాన్ ద్వారా తనకు వచ్చిన ఫదక్ తోటలను దైవప్రవక్త (సఅసం) కాలంలో ఏ వినియోగంలో ఉన్నాయో ఆ వినియోగానికే మళ్ళించారు. భార్య ఫాతిమాకు తండ్రి ఇచ్చిన అమూల్యమైన ఆభరణం ఉండేది. దానిని బైతుల్‌మాల్ (ప్రజాధనాగారం)కు ఇస్తావా, నన్ను విడిచి వెళతావా అని అడిగారు. ఆమె ఆభరణాన్ని ఇచ్చివేసింది. ఆయన మరణానంతరం కొత్త ఖలీఫా అయిన ఆమె సోదరుడు దానిని తిరిగి ఇస్తానంటే, ఆయన బ్రతికి ఉండగా విధేయురాలినై మరణించాక అవిధేయురాలిని కాలేనని ఆమె నిరాకరించింది.

తరువాత వంశం వంతు వచ్చింది. అదనపు భత్యాలు నిలిచిపోయేసరికి మర్వాన్ సంతతి వారు మండిపడ్డారు. మాట్లాడమని మేనత్తను పంపారు. ఆయన ఆమెను గౌరవించారేగాని నిర్ణయం మార్చుకోలేదు.

ఆయన కుమారుడు అబ్దుల్ మలిక్‌కు మాత్రం తండ్రి వేగం చాలలేదు. సత్యాన్ని ఒక్కసారిగా ఎందుకు అమలు జరపరని నిలదీసేవాడు. సత్యాన్నంతా ఒక్కసారే ప్రజలపై మోపితే వారు దానినంతా ఒక్కసారే త్రోసివేస్తారేమో, అప్పుడు అది కల్లోలానికి దారితీస్తుందని తండ్రి నచ్చజెప్పేవారు. ఆ కుమారుడు యౌవనంలోనే, తండ్రి కన్నా ముందే మరణించాడు.

ఖలీఫా లేఖలు

ఆయన పాలనను తెలుసుకోవడానికి మంచి ఆధారం గవర్నర్లకు ఆయన వ్రాసిన లేఖలు. మదీనా అధికారి అబూబక్ర్ బిన్ హజ్మ్ దీపాల ఖర్చు, కాగితాల ఖర్చు అడిగితే, పదవికి ముందు చలికాలపు చీకటి రాత్రులలో నీవు దీపం లేకుండానే మస్జిదుకు వెళ్ళేవాడివి కదా అని గుర్తుచేసి, కలం ములుకు సన్నగా చెక్కి వరుసలు దగ్గరగా వ్రాయమన్నారు. ప్రవక్త వచనాలు అంతరించిపోకముందే సేకరించి వ్రాయమని ఆజ్ఞాపించినదీ ఈయననే. దుబారాకు ఇవ్వని కాగితం విద్యకు ఇచ్చారన్నమాట.

కూఫా గవర్నరుకు వ్రాసిన లేఖ మరింత ముఖ్యమైనది. బీడుభూమిపై సాగుభూమి శిస్తు వేయవద్దు. నౌరోజ్, మెహర్జాన్ పండుగల కానుకలు వసూలు చేయవద్దు. నాణెములు పరీక్షించేవారి రుసుము, కాగితాల ధర, వార్తాహరుల కూలి, ఇంటి అద్దె, పెండ్లి పన్ను రైతుపై మోపవద్దు. ఈ పట్టికను చదివితే అప్పటివరకు రైతు వీపున ఎన్ని చిల్లర బరువులు ఉండేవో తెలుస్తుంది. లేఖ చివర మరొక ఆజ్ఞ ఉన్నది: నన్ను సంప్రదించకుండా ఎవరికీ అంగచ్ఛేదం గాని, శిలువ శిక్ష గాని తొందరపడి విధించవద్దు.

బస్రా గవర్నరు అదీ బిన్ అర్తాత్ ఒక అనుమతి కోరాడు. కొందరు ఉద్యోగులు ప్రజాధనం కాజేశారు, హింసిస్తేగాని కక్కరు, కాబట్టి హింసించనా అని అడిగాడు. తప్పు చేసినవారు, ప్రజల సొమ్ము తిన్నవారు. ఏ పాలకుడైనా సులభంగా ఒప్పుకునే సందర్భమిది. ఖలీఫా మందలించారు. అల్లాహ్ ఆగ్రహం నుండి నేను నీకు డాలునన్నట్లు నన్ను అనుమతి అడుగుతావా అన్నారు. సాక్ష్యం ఉంటే దానిని బట్టి, ఒప్పుకుంటే దానిని బట్టి చర్య తీసుకో; లేకపోతే ప్రమాణం చేయించి వదిలిపెట్టు; వారి రక్తంతో నేను అల్లాహ్‌ను కలుసుకోవడం కన్నా వారు తమ ద్రోహాలతో ఆయనను కలుసుకోవడమే నాకు ఇష్టమని వ్రాశారు. ఈ ఉదంతాన్ని అబూ యూసుఫ్ తన ‘కితాబుల్ ఖరాజ్’లో పొందుపరిచారు.

ఈ జవాబును ఖుబైబ్ మరణం ప్రక్కన పెట్టి చదవాలి. పైవాని ఆజ్ఞ క్రిందివానికి డాలు కాదన్న సంగతి ఈ ఖలీఫా ఎవరి పుస్తకంలోనూ చదివి తెలుసుకోలేదు. తానొకప్పుడు ఆ డాలు చాటున నిలబడి, అది తనను కాపాడలేదని తెలుసుకున్నారు.

దూరదేశాల ఫిర్యాదులు కూడా ఆయన వరకు వచ్చేవి. ఖురాసాన్ నుండి ఒక ప్రతినిధి బృందం వచ్చింది. ఇద్దరు అరబ్బులు మాట్లాడారు; మూడవవాడు, అరబ్బేతర ముస్లిము, మౌనంగా కూర్చున్నాడు. నీవు కూడా ఈ బృందంలోనివాడవే కదా, మాట్లాడవేమని ఖలీఫాయే అడిగారు. ఇరవై వేల మంది అరబ్బేతర ముస్లిములు జీతబత్తెములు లేకుండా యుద్ధం చేస్తున్నారని, అంతేమంది ఇస్లాం స్వీకరించినా జిజియా చెల్లిస్తూనే ఉన్నారని అతడు చెప్పాడు. ఖలీఫా ఆ జిజియాను రద్దు చేయించారు. పన్ను తప్పించుకోవడానికే వీరు మతం మారుతున్నారు, సున్తీ పెట్టి పరీక్షించాలన్న సూచన వస్తే, అల్లాహ్ ప్రవక్తను పంపింది ధర్మం వైపు పిలవడానికే గాని సున్తీ చేయడానికి కాదని త్రోసిపుచ్చారు. కొద్దికాలానికే ఆ గవర్నరు జర్రాహ్‌ను తొలగించారు.

సమర్‌ఖంద్ వాసులు మరో ఫిర్యాదు చేశారు. 712లో సేనాని ఖుతైబా తమ నగరాన్ని మోసంతో ఆక్రమించాడన్నారు. ఖలీఫా దానిని విచారించడానికి న్యాయాధికారిని నియమింపజేశారు. అరబ్బులు నగరం విడిచి తమ శిబిరానికి వెళ్ళి, సంధియో యుద్ధమో తిరిగి మొదటి నుండి తేల్చుకోవాలని ఆ న్యాయాధికారి తీర్పు చెప్పాడు. మళ్ళీ యుద్ధం వద్దనుకుని సమర్‌ఖంద్ వాసులు ఉన్నదానికే సమ్మతించారు. గెలిచిన పక్షం న్యాయాధికారి ఓడిన పక్షానికి అనుకూలంగా తీర్పు చెప్పడం ఆనాటికే కాదు, ఈనాటికీ అరుదే.

మన దేశంతోనూ ఆయనకు ఒక సంబంధమున్నది. సింధు ప్రాంతపు రాజులకు ఆయన లేఖలు వ్రాసి, ఇస్లాంను స్వీకరిస్తే వారి రాజ్యాలు వారికే ఉంటాయని, ముస్లిములతో సమాన హక్కులు, బాధ్యతలు ఉంటాయని తెలిపారు. రాజా దాహిర్ కుమారుడు జైసింహుడు స్వీకరించాడని బలాజురీ వ్రాశారు. హిషామ్ కాలంలో గవర్నరు జునైద్ అదే జైసింహునితో యుద్ధం చేసి చంపించాడు. ఒక ఖలీఫా ఇచ్చిన మాట మరో ఖలీఫా కాలంలో నిలవలేదు.

చిన్ననాడు గురువుకు ఇచ్చిన మాటను మాత్రం ఉమర్ నిలుపుకున్నారు. మింబరులపై హజ్రత్ అలీ (రజి)ని నిందించే ఆచారాన్ని రాజ్యమంతటా ఆపివేయించి, ఆ స్థానంలో న్యాయాన్ని, మేలును ఆదేశించే ఖురాన్ వాక్యాన్ని పఠింపజేశారు.

ఆయన పరిమితులు

ప్రశంసతోనే ముగిస్తే చరిత్ర వ్యాసం కాదు. ముస్లిమేతరుల వేషధారణపై ఆయన ఆంక్షలు పెట్టినట్లు, ప్రభుత్వ కొలువుల నుండి వారిని తప్పించమన్నట్లు కూడా ఉల్లేఖనాలున్నాయి. ఆయన భూమిశిస్తు విధానాన్ని గూర్చి నేటికీ చరిత్రకారులు వాదిస్తూనే ఉన్నారు. సులైమాన్ వీలునామాలోనే తదుపరి ఖలీఫాగా యజీద్ పేరు వ్రాసి ఉన్నది. ఆ ఏర్పాటును ఉమర్ మార్చలేదు.

క్రీ.శ. 720లో, నలభై ఏండ్లయినా నిండకముందే, సిరియాలోని దైర్ సమ్ఆన్‌లో ఆయన కన్నుమూశారు. విషప్రయోగం జరిగిందని కొందరు అంటారు. తన సమాధి కొరకు కొద్దిపాటి స్థలాన్ని క్రైస్తవ యజమానికి వెల చెల్లించి తీసుకున్నారు. యజీద్ రాగానే ఫదక్ తిరిగి రాజకుటుంబానికి చేరింది. పాత పన్నులు మళ్ళీ వచ్చాయి. మూడు దశాబ్దాలకు, 750లో, అబ్బాసీలు ఉమవీలను కూల్చి వారి సమాధులను త్రవ్వించారు. ఈ ఒక్క సమాధి జోలికి మాత్రం పోలేదు. శత్రువులు గౌరవించిన ఆ సమాధిని 2020లో సిరియా అంతర్యుద్ధంలో ధ్వంసం చేశారన్న వార్త చదివి బాధపడనివారు లేరు.

ఆయన సంస్కరణలు నిలవకపోవడంలో మనకు ఒక హెచ్చరిక ఉన్నది. ఒక మనిషి అంతరాత్మపై మాత్రమే ఆధారపడిన న్యాయం ఆ మనిషితోనే పోతుంది. పదిమందిని సంప్రదించే పద్ధతి, కాలరు పట్టుకునే అధికారం, ఓడినవారి ఫిర్యాదు వినే న్యాయస్థానం, ఇవన్నీ ఆయన దయ వలన నడిచాయి. వారసులను కట్టిపడేసే నియమాలుగా మారలేదు.

మనకు పాఠం

మనలో ఖలీఫాలెవరూ లేరు. అయినా ఒక మస్జిదు కమిటీకి కార్యదర్శి, ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు, ఒక గ్రామానికి సర్పంచి, ఒక కుటుంబానికి పెద్ద మనలోనే ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిక్రింద కొందరున్నారు. ప్రతి ఒక్కరికీ పైన ఆజ్ఞాపించేవారూ ఉన్నారు. ‘పైవారు చెప్పారు, చేశాను’ అన్న మాట అక్కడే పుడుతుంది. ఆ మాటతో ఎవరి పింఛనో ఆగిపోతుంది, ఎవరి బిడ్డకో ప్రవేశం దొరకదు, ఎవరి వీపునో దెబ్బ పడుతుంది. దెబ్బ తిన్నవానికి పైవారు కనిపించరు, కొట్టినవాడే కనిపిస్తాడు.

ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఖుబైబ్‌ను బ్రతికించలేకపోయారు. తన పశ్చాత్తాపాన్ని కన్నీటితో ముగించక, మరో ఖుబైబ్ తన రాజ్యంలో కొరడా క్రింద పడకుండా లేఖలు వ్రాశారు, అధికారులను మార్చారు, తన కాలరును మరొకరి చేతికి అప్పగించారు. నాయకత్వం వహించే ప్రతివాడూ తన గతంలోని ఖుబైబ్ ఎవరో ఏకాంతంలో ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఆ తరువాత తన కాలరు పట్టుకోగల మనిషి ఎవరున్నారో చూసుకోవాలి. అట్టివారెవరూ లేకపోతే, వెదకి తెచ్చుకోవడమే ఆయన చేయవలసిన మొదటి పని.